నమూనా ఓడలు – వాటి తాళ్ల చరిత్ర

ఇంగ్లండులోని గ్రీనిచ్ మ్యూజియంలోనో, అమెరికాలో ఆనపోలిస్ నావికా అకాడమీ మ్యూజియంలోనో అద్దాల పెట్టెలో నిలిపిన పాతకాలపు తెరచాప ఓడ నమూనాను చూసేవారు సాధారణంగా ఒక పొరపాటు పడుతుంటారు. ఓడ శరీరమూ, దానిపై లేచిన స్తంభాలూ, వాటిని అల్లుకొన్న వందలాది తాళ్లూ అన్నీ ఒకే కాలానివని అనుకొంటారు. చాలా నమూనాల విషయంలో ఇది నిజం కాదు. క్రింది కొయ్యపని 1680 ప్రాంతానిది కావచ్చు. పైనున్న తాళ్లు 1920 తరువాత కట్టినవి కావచ్చు. వేర్వేరు శతాబ్దాలలో పుట్టిన ఇద్దరి పని ఒకే వస్తువుగా మన ముందు నిలిచి ఉన్నదన్నమాట.

దీనికి కారణం పదార్థాల స్వభావంలోనే ఉన్నది. నమూనాల కొయ్యపనికి పేరు (బేరి) చెట్టు కలప, బాక్స్ అనే గట్టి కలప వంటివి వాడేవారు. పోగులు దగ్గర దగ్గరగా ఉండే ఈ కలప నీడలో, పొడిగాలిలో శతాబ్దాల తరబడి చెడదు. తాళ్లకు వాడినవి నార, నూలు, పట్టు దారాలు. వెలుతురూ, తేమా, దుమ్మూ కలిసి నార, నూలు పోగులలోని సెల్యులోజ్ గొలుసులను త్రెంచివేస్తవి. పట్టు వెలుతురుకు ఇంకా త్వరగా పెళుసెక్కుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క కూడా ఉన్నది. తాడు మందాన్ని 48వ వంతుకు తగ్గిస్తే, దాని ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం 48 రెట్లు పెరుగుతుంది. నిజమైన ఓడ మోకులో లోపలి పోగులను పైపోగులు కాపాడుతవి. నమూనాలోని దారానికి అటువంటి లోపలి భాగం లేనేలేదు.

ఎడారి వాతావరణంలో మాత్రం ఇది మారుతుంది. ఈజిప్టులో మెకెత్రె అనే అధికారి సమాధిలో 1920లో దొరికిన చెక్క పడవలు సుమారు నాలుగు వేల సంవత్సరాల నాటివి. 1922లో తెరిచిన టూటన్‌ఖామెన్ సమాధిలో 35 నమూనా పడవలు ఉన్నవి. వాటిలో కొన్నింటికి నార తెరచాపలూ తాళ్లూ నిలిచే ఉన్నవి. అవి మరణించినవారి ప్రయాణం కోసం చేసినవి. వినోదం కోసం కాదు. అయినా నైలు నది పడవల తాళ్ల అమరికను గురించి తెలిసినదానిలో కొంత భాగం వాటి చలవే.

యూరపులో ఆ అదృష్టం లేదు. స్పెయిన్ దేశంలో బార్సిలోనా సమీపాన ఉన్న మటారో పట్టణం పేరుతో ప్రసిద్ధమైన నమూనా 15వ శతాబ్దం మధ్యకాలానిది. ఇది నావికులు మొక్కుబడిగా చర్చిలో వ్రేలాడదీసిన ఓడ. యూరపు మధ్యయుగపు ఓడను గురించి ఇంత వివరంగా చెప్పే నమూనా మరొకటి లేదు. చేతులు మారి మారి అది చివరకు హాలండులోని రాటర్‌డామ్ మ్యూజియం చేరినది. ఓడ శరీరాన్ని పరిశీలించి దూలాలు ఎలా కూర్చారో, పలకలు ఎలా అమర్చారో చెప్పగలుగుతున్నారు. కాని దానికి మొదట ఎన్ని స్తంభాలు ఉండేవన్నది వివాదంగానే ఉండిపోయినది. ఒక స్తంభపు ఓడ నుండి మూడు స్తంభాల ఓడకు యూరపు మారుతున్న కాలం అది. సరిగ్గా ఆ మార్పుకు సాక్ష్యం చెప్పవలసిన వస్తువులోనే ఆ భాగం చెడిపోయినది. తరువాతివారి చేతుల్లో మారినది.

నమూనాలను శాస్త్రీయమైన కొలతతో చేయడం 17వ శతాబ్దపు ఇంగ్లండులో బాగా ప్రబలినది. నేవీ బోర్డు నమూనాలని పేరుపొందిన వీటిలో సాధారణంగా అడుగుకు పావు అంగుళం, అనగా 48కి 1 వంతు కొలత. ఓడ దిగువ భాగాన పలకలు కొట్టకుండా వదిలివేయడం వలన లోపలి వంపు కొయ్యలు పక్కటెముకల వలె బయటికి కనబడుతవి. చాలా వాటికి మొదటి నుంచీ స్తంభాలే పెట్టలేదు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. నౌకాదళ కార్యాలయంలో చేరిన సామ్యూల్ పీప్స్‌కు ఓడలను గురించి మొదట ఏమీ తెలియదు. 1662లో కూపర్ అనే నావికుని వద్ద ఆయన గణితం నేర్చుకొన్నాడు. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన ఆ ఉద్యోగి ఎక్కముల వద్ద ప్రారంభించి, ఆ తరువాత కార్యాలయంలో ఉన్న ఓడ నమూనాను ముందు పెట్టుకొని ఒక్కొక్క భాగమూ పేరూ తెలుసుకొన్నాడు. పీప్స్ తరువాత ఆ పదవికి వచ్చిన చార్లెస్ సార్జిసన్ సేకరించిన నమూనాలను రెండు శతాబ్దాల అనంతరం అమెరికా ధనికుడు హెన్రీ హడిల్‌స్టన్ రోజర్స్ కొన్నాడు. 1935లో రోజర్స్ మరణించినప్పుడు అవి వీలునామా ద్వారా ఆనపోలిస్ చేరినవి.

రోజర్స్ కాలానికే ఓడ నమూనాలు చేయడం సామాన్యుల సరదాగా మారినది. ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడలు రేవుల నుండి మాయమవుతున్న రోజులవి. 1926లో చార్లెస్ డేవిస్ నమూనాకారులకు సహాయంగా ఒక పుస్తకం ప్రచురించాడు. మరుసటి ఏడు ఆర్. సి. ఆండర్సన్ 1600 నుండి 1720 వరకు ఓడల తాళ్ల అమరికపై తన గ్రంథాన్ని వెలువరించాడు. నమూనా చేసేవారు ఈనాటికీ చేతికి తీసుకొనే పుస్తకమది. ఆండర్సన్ పద్ధతి గమనించదగినది. అసలు తాళ్లు నిలిచి ఉన్న కొద్ది నమూనాలనూ, ఆనాటి నౌకాదళపు కొలతల పట్టికలనూ, 1672–73 శీతకాలంలో హాలండు నుండి ఇంగ్లండుకు వచ్చిన వాన్ డి వెల్డె తండ్రీకొడుకుల ఓడ చిత్రాలనూ ప్రక్కప్రక్కన పెట్టి, ఒకటి చెప్పినదాన్ని మరొకటి బలపరుస్తున్నదా అని చూశాడు. ఒకే ఆధారం ఉన్నచోట ఆ సంగతి స్పష్టంగా చెప్పడం మంచి చరిత్రకారుని లక్షణం. లాంగ్‌రిడ్జ్ అనే వైద్యుడు 'విక్టరీ' ఓడకు 48వ వంతు నమూనా చేసి, ఆ అనుభవంతో 1955లో పుస్తకం వ్రాశాడు. ఆ నమూనా లండన్ సైన్స్ మ్యూజియంకు చేరినది.

ఇక పని విషయం. ఓడ తాళ్లు రెండు రకాలు. స్తంభాలను కదలకుండా పట్టి ఉంచేవి స్థిర రజ్జువులు. తెరచాపలనూ అడ్డకొయ్యలనూ లాగి త్రిప్పేవి చర రజ్జువులు. మొదటి వాటికి తారు పూసేవారు కనుక అవి నల్లగా ఉంటవి. రెండవవి కప్పీలలో జారవలె కనుక లేత రంగులో ఉంటవి. స్థిర రజ్జువులను ముందుగా కట్టవలె. స్తంభాన్ని ముందుకు లాగే లావాటి మోకూ, రెండు ప్రక్కల నుండి వెనుకకు లాగే తాళ్లూ ఒకదానికొకటి బిగువులో ఉండవలె. ఒకదాన్ని ఎక్కువగా బిగిస్తే స్తంభం వంగి, అంతకుముందు కట్టిన తాళ్లన్నీ సడలిపోతవి.

క్రొత్తగా ఈ పనిలో దిగినవారు తరచుగా తప్పే లెక్క తాడు లావులోనిది. పాత నౌకాదళ పట్టికలలో 18 అంగుళాల మోకు అంటే దాని చుట్టుకొలత 18 అంగుళాలని అర్థం, వ్యాసం కాదు. చుట్టుకొలతను 3.1416 తో భాగిస్తే వ్యాసం 5.73 అంగుళాలు, అనగా సుమారు 145 మిల్లీమీటర్లు. దానిలో 48వ వంతు 3 మిల్లీమీటర్లు. పట్టికలోని అంకెను వ్యాసమనుకొన్నవాడు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల తాడు కడతాడు. లావు మూడు రెట్లే పెరిగినట్లు తోచినా, అడ్డుకోత వైశాల్యం ఇంచుమించు పదిరెట్లవుతుంది. ఈ లెక్కను తరగతిలో ఇచ్చి చూడవచ్చు; π విలువ ఎందుకు పనికివస్తుందని అడిగే పిల్లలకు మంచి సమాధానం.

తేమ మరొక చిక్కు. నులక మంచం మీద నీళ్లు పడితే నులక బిగుసుకోవడం అందరూ ఎరిగినదే. నార పోగులు నీటిని పీల్చి అడ్డంగా ఉబ్బుతవి. మెలివేసిన తాడులో పోగు అడ్డంగా ఉబ్బితే పొడవు తగ్గక తప్పదు. ఇదే వర్షాకాలంలో నమూనా ఓడ మీద కూడా జరుగుతుంది. సన్నని పైస్తంభాలు వంగడానికి ఇది చాలు. దారానికి తేనెమైనం పూసే అలవాటు కొంతవరకు దీనికి విరుగుడు.

అయితే పాత నమూనాకు మళ్లీ తాళ్లు కట్టే పనిలో అసలు ప్రమాదం ఇవేవీ కావు. చిరిగి, చిక్కులుపడి, దుమ్ముపట్టిన తాళ్లను చూడగానే కత్తెర తీసుకోవాలని బుద్ధి పుడుతుంది. ఆ చిక్కులో రెండు మూడు తాళ్లు మొదటి పనివాడు కట్టినవే కావచ్చు. ఒకసారి కత్తిరించి పారవేస్తే ఆ సాక్ష్యం మళ్లీ రాదు. అందుచేత జాగ్రత్తగల పనివారు ముందు నెలల తరబడి ఫొటోలు తీస్తారు. ప్రతి తాడు పొడవూ, లావూ, మెలిక దిశా వ్రాసుకొంటారు. తీసిన ముక్కలను చీటీలు కట్టి దాస్తారు. తాళ్లు పూర్తిగా పోయినచోట కొయ్యే కొంత చెప్పగలదు. ఓడ ప్రక్కన బిగించిన మూడు రంధ్రాల గుండ్రని బిళ్లలు ఎన్ని ఉంటే ప్రక్క తాళ్లు అన్ని. కప్పీ గాడిలోని అరుగుదల తాడు ఏ దిక్కున లాగబడినదో చూపుతుంది. బెర్లినులోని హోహెన్‌జోలెర్న్ మ్యూజియంలో ఉండిన 17వ శతాబ్దపు డచ్చి ఓడ నమూనా రెండవ ప్రపంచ యుద్ధంలో పోయినది. హైన్రిక్ వింటర్ అనే పరిశోధకుడు దాన్ని కొలిచి గీసిన పటాలే మిగిలినవి. ఆ పటాలతో తరువాతివారు ఆ ఓడను మళ్లీ తయారుచేసుకోగలిగారు.

చెడుపు ఒక్కొక్కప్పుడు పెట్టె నుండే వస్తుంది. ఓక్ కలప నుండి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి కొద్దికొద్దిగా వెలువడుతుంది. మూసిన పెట్టెలో అది నమూనాలోని సీసపు ఫిరంగుల మీద పనిచేసి లెడ్ ఎసిటేటుగా మార్చుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు దాన్ని తెల్లని కార్బొనేటు పొడిగా చేస్తుంది. పూర్వం రంగుల కర్మాగారాలలో సీసాన్నీ వెనిగర్‌నూ పెట్టి సఫేదా తయారుచేసినది ఈ చర్యతోనే. ఆ పొడి విషం కూడా, చేత్తో తుడవరాదు.

సరిదిద్దకూడని తప్పులు కూడా కొన్ని ఉన్నవి. 1797 నుండి 1814 వరకు ఇంగ్లండులోని నార్మన్ క్రాస్ చెరలో ఉన్న ఫ్రెంచి యుద్ధఖైదీలు తమకు పెట్టిన మాంసపు ఎముకలతో ఓడలు చేసి అమ్ముకొన్నారు. వారికి పటాలు లేవు, జ్ఞాపకమే ఆధారం. అందుచేత చాలావాటిలో స్తంభాలు ఉండవలసిన దానికంటె ఎత్తు. కొనేవారు ఇంగ్లీషువారు కనుక ఇంగ్లీషు ఓడల పేర్లు కూడా పెట్టారు. ఆ స్తంభాలను నేటి పుస్తకం చూసి కురచ చేసేవాడు ఓడను బాగుచేసినట్లు కాదు, ఖైదీని చెరిపివేసినట్లు.

మన తీరానికి సంబంధించిన ఆధారాలు వేరే రకానివి. శాతవాహనుల సీసపు నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నది. ఇవి క్రీ. శ. 2వ శతాబ్దం నాటివి. ఫ్రెంచి నావికాధికారి ఎడ్మండ్ పారీ 1841–43లో ప్రచురించిన గ్రంథంలో చోళమండల తీరపు ధోనులనూ మసూలా పడవలనూ కొలతలతో గీశాడు. 1871లో ప్యారిస్‌లోని లూవ్ర్ భవనంలో ఉండిన నావికా మ్యూజియంకు అధికారియై, తన పటాలను పట్టి పలు దేశాల పడవలకు నమూనాలు చేయించాడు. పారీ గీసిన ధోనిని ఒక విద్యార్థి టేకు ముక్కతో చేయదలిస్తే కొలతలు దొరుకుతవి. శాతవాహన ఓడను చేయదలిస్తే స్తంభాలు రెండని తెలుసు. వాటిని పట్టి ఉంచిన తాళ్లు నాణెం మీద గోరంత గీతలు.