గ్లబ్ పాషా
గ్లబ్ పాషా (1897–1986): అసలు పేరు జాన్ బాగట్ గ్లబ్. జోర్డాన్ సైన్యమైన అరబ్ లీజియన్‌కు 1939 నుంచి 1956 వరకు నాయకత్వం వహించిన బ్రిటిష్ అధికారి. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో దవడకు తగిలిన గాయం వల్ల అరబ్బులు ఆయన్ను ‘అబూ హునైక్’ అని పిలిచేవారు. 1930లో లీజియన్‌లో చేరి, సంచార అరబ్బులైన బెదూయిన్లతోనే ఎడారి గస్తీ దళాన్ని నిర్మించాడు. ఆయన అసలు ఘనత ఇదే. 1948 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంలో లీజియన్ జెరూసలేం పాత నగరాన్ని నిలబెట్టుకుంది. అరబ్ జాతీయవాదం ఉప్పొంగుతున్న రోజుల్లో, 1956 మార్చి 1న జోర్డాన్ రాజు హుస్సేన్ గ్లబ్‌ను పదవి నుంచి తొలగించాడు. శేషజీవితం ఇంగ్లండ్‌లో, అరబ్బుల చరిత్ర రాస్తూ గడిపాడు.