జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నోటీసు ప్రక్రియ

జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు ఒక పర్యావరణ వివాదం వచ్చినపుడు, దాని ఫలితం ఎవరిపై పడుతుందో వారికి ఆ విషయం తెలియజేయడాన్ని నోటీసు ప్రక్రియ అంటారు. తన వాదన వినకుండా ఎవరికీ వ్యతిరేకంగా తీర్పు చెప్పరాదన్న సహజ న్యాయ సూత్రం దీనికి ఆధారం.

చట్ట నేపథ్యం

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010 అక్టోబరు 18న అమలులోకి వచ్చింది. ప్రధాన ధర్మాసనం ఢిల్లీలో ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. 19వ సెక్షను ప్రకారం ట్రిబ్యునల్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు కట్టుబడనవసరం లేదు. సహజ న్యాయ సూత్రాలను మాత్రం పాటించాలి. సంబంధిత పక్షాలకు వాదన వినిపించే అవకాశమిచ్చి, దాఖలైన 6 నెలలలోగా దరఖాస్తును పరిష్కరించేందుకు ప్రయత్నించాలని 18వ సెక్షను చెబుతున్నది.

కాలపరిమితి

సమాచారం ఆలస్యంగా అందితే బాధితుడు తన హక్కునే కోల్పోవచ్చును. చట్టంలోని గడువులు ఇవి:

* వివాద పరిష్కారానికి దరఖాస్తు (సెక్షను 14): వివాద కారణం మొదట ఏర్పడిన నాటి నుండి 6 నెలలు.
* నష్టపరిహారానికి దరఖాస్తు (సెక్షను 15): కారణం మొదట ఏర్పడిన నాటి నుండి 5 సంవత్సరాలు.
* అప్పీలు (సెక్షను 16): ఉత్తర్వు తెలియజేయబడిన నాటి నుండి 30 రోజులు.

తగిన కారణం చూపితే గరిష్ఠంగా మరో 60 రోజులు అనుమతించవచ్చును.

తెలియజేసే పద్ధతులు

ఒకే ప్రయోజనం గలవారు అనేకులుంటే, సివిల్ కోర్టులలో వ్యక్తిగత నోటీసుకు బదులు బహిరంగ ప్రకటన ఇవ్వవచ్చును. పరిశ్రమలు, గనుల వంటి ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తిస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటించాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించాలి, రేడియో లేదా టెలివిజన్ ద్వారా ప్రకటించాలి. అనుమతి లభించాక దాని ప్రతిని పంచాయతీ, పురపాలక సంఘాల వంటి స్థానిక సంస్థలకు ఇవ్వాలి. అవి దానిని 30 రోజులపాటు ప్రదర్శించాలి.

ముఖ్యమైన తీర్పులు

అరుణాచల్ ప్రదేశ్‌లోని న్యామ్‌జంగ్ ఛూ జలవిద్యుత్ ప్రాజెక్టుకు 2012 ఏప్రిల్‌లో పర్యావరణ అనుమతి లభించింది. స్థానిక సంస్థ అయిన సేవ్ మోన్ రీజియన్ ఫెడరేషన్ దీనిపై అప్పీలు చేయగా, గడువు దాటినదన్న అభ్యంతరం వచ్చింది. ఉత్తర్వుపై సంతకం చేసినంత మాత్రాన అది ప్రజలకు తెలియజేసినట్లు కాదనీ, వారికి అందుబాటులోకి వచ్చిన తరువాతనే గడువు మొదలవుతుందనీ ట్రిబ్యునల్ 2013లో తేల్చి అప్పీలును స్వీకరించింది. అక్కడ శీతాకాలం గడిపే నల్లమెడ కొంగల విషయం అందువల్లనే విచారణకు నోచుకున్నది. 2016 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ ఆ అనుమతిని నిలిపివేసి, మళ్ళీ అధ్యయనం జరపాలని ఆదేశించింది.

నోటీసు రక్షణ ఆరోపణలు ఎదుర్కొనేవారికి కూడా ఉన్నది. వీణా గుప్తా కేసులో, వాదన వినకుండా ఏకపక్షంగా ఇచ్చిన ట్రిబ్యునల్ ఉత్తర్వులను సుప్రీం కోర్టు 2024 జనవరి 30న రద్దు చేసి, కేసును తిరిగి ట్రిబ్యునల్‌కే పంపింది.