గాలితో పలికిన నాటకం

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ నాటకం వేసింది. అంతవరకూ తోలుబొమ్మలాడించిన కుటుంబాలవి. తెర వెనుక పాడే గొంతు ముఖానికి రంగు పూసుకుని జనం ముందుకొచ్చింది. ఆ తర్వాత సురభి సమాజాలు ఊరూరా తిరిగాయి. పద్య నాటకం రాయలసీమ పల్లెల్లో వేళ్ళూనుకుంది. ఆ నాటకాన్ని దశాబ్దాల పాటు మోసిన వాద్యం కాలి హార్మోనియం. దానికి దక్కాల్సిన గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

1840 ప్రాంతంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ రూపమిచ్చిన ఈ పెట్టె తెల్లవాళ్ళతో ఓడెక్కి మన దేశానికి వచ్చింది. నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించే రకాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ప్రచారంలోకి తెచ్చాడు. భజనలకు, కచేరీలకు అది సరిపోయింది. నాటకాలవాళ్ళకు మాత్రం కాళ్ళతో తొక్కేదే కావాలి. రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి, గాలి తెగదు, మైకు లేని రోజుల్లోనూ చివరి వరుసదాకా వినిపిస్తుంది. లోపల ఇత్తడి రీడ్లు వరుసలుగా ఉంటాయి. మీట లాగితే మంద్రస్థాయి వరుస తోడవుతుంది, తోసేస్తే ఒంటి గొంతు మిగులుతుంది. యుద్ధానికి ఒక నిండుదనం, శోకానికి ఒక సన్నదనం. కరెంటుతో పలికే సింథసైజర్లు రావడానికి చాలా ముందే గొంతులు కలిపే ఈ విద్య మన పందిళ్ళలో ఉంది.

పండితులకు హార్మోనియం నచ్చలేదు. రీడు పలికే స్వరం కదలదు, గమకం రాదు, స్వరాల మధ్య ఉండే సూక్ష్మ శ్రుతులకు చోటే లేదు అన్నారు. ఢిల్లీ ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీతం చూసిన జాన్ ఫౌల్డ్స్ దీని మీద ఘాటుగా రాశాడు. రవీంద్రనాథ్ టాగూరూ అటే నిలిచాడు. 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1963లో కడప కేంద్రం మొదలైనప్పుడు కూడా ఆ నిషేధం అమల్లోనే ఉంది. 1971లో గానీ సడలలేదు.

గమకం సంగతి నిజమే. వీణ పక్కన పెట్టి చూస్తే హార్మోనియం ఓడిపోతుంది. అయితే వీణకు నకలుగా దాన్ని చూడటమే అన్యాయం. జపాన్‌లో రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో తెచ్చిన టీబీ-303 అనే చిన్న బాస్ సింథసైజర్‌కూ ఇదే జరిగింది. బాస్ గిటారులా పలకలేదని జనం కొనలేదు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ 1982లోనే దాని మీద రాగాలు పలికించాడు. తర్వాత చికాగో కుర్రాళ్ళు దాని సొంత గొంతుతోనే ఒక కొత్త నృత్య సంగీతం పుట్టించారు.

పద్య నాటకంలో గమకం నటుడి గొంతులో ఉంటుంది. హార్మోనియం పని వేరు. పై శ్రుతిలో పద్యం ఎత్తుకునే ముందు స్వరం అందించాలి, రాగం తీస్తూ ఊపిరి ఆగిన చోట ఖాళీని నింపాలి, ‘వన్స్ మోర్’ కేక పడగానే నటుడు తేరుకునేదాకా సభను పట్టి ఉంచాలి. తెల్లవారుజామున గొంతు కిందికి జారుతుంటే కదలని ఆ ఇత్తడి స్వరమే ఆసరా. పండితులు లోపమన్నదే ఇక్కడ బలమైంది.

ఇంకో ముఖ్యమైన మాట. కర్నూలు, కడప పల్లెల్లో హార్మోనిస్టు పక్కవాద్యగాడు మాత్రమే కాదు, గురువు. సేద్యం పనులు తగ్గిన రోజుల్లో ఊరివాళ్ళు ఆయన్ను పిలిపించుకునేవారు. చదువు రాని రైతుకూ పద్యాన్ని పాదం పాదంగా విరిచి, మెట్ల మీద పలికించి, నోటికి వచ్చేదాకా చెప్పేవాడు. ఎవరి గొంతుకు ఏ శ్రుతి, ఎవరికి కృష్ణుడి వేషం, ఎవరికి దుర్యోధనుడి వేషం అన్నదీ చాలాసార్లు ఆయన మాటే. మన నాటక చరిత్రలు నటుల పేర్లు, కవుల పేర్లు చెప్పినంతగా ఈ గురువుల పేర్లు చెప్పవు. ఇది నాకు పెద్ద వెలితిగా తోస్తుంది.

ఇప్పుడు చాలా వేదికల మీద ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంది. మోయడం తేలిక, మీట నొక్కితే శ్రుతి మారుతుంది. పాత పెట్టెలో అలా కుదరదు. శ్రుతి తప్పిన రీడును విప్పి, కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీకినా రీడు పాడవుతుంది. ఆ పని తెలిసిన చేతులు, వందల పద్యాలు కంఠతా ఉన్న గురువులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళు వాయిస్తుండగా, నేర్పిస్తుండగా రికార్డు చేసుకోవాల్సింది ఇప్పుడే.