మాత్లా ఒడ్డున తుఫాన్ ఖిస్సా

కలకత్తా సియాల్దా స్టేషన్లో లోకల్ ఎక్కితే గంటంపావులో క్యానింగ్. నలభై అయిదు కిలోమీటర్లు. స్టేషన్ దాటి, చేపల బజారు దాటి ఓ పది నిమిషాలు నడిస్తే మాత్లా నది. బెంగాలీలో మాత్లా అంటే మత్తెక్కినది, పిచ్చెత్తినది. నేను వెళ్లిన పూట ఆటు మీద ఉంది. నీళ్లు వెనక్కి పోయి బూడిదరంగు బురద మైదానంలా పరుచుకుని ఉంది. ఇక్కడా ఒకప్పుడు సముద్రపు ఓడలు లంగరు వేశాయంటే యకీన్ కలగదు. నది ఆవల బాసంతి, ఇంకా దూరాన గోసాబా. సుందర్బన్ దీవులన్నిటికీ ఈ చిన్న ఊరే దర్వాజా.

ఊరి పేరు లార్డ్ క్యానింగ్‌ది. 1850లలో హుగ్లీ నది పూడిపోతోందని, కలకత్తా రేవు ఖతమైపోతుందని కంపెనీ దొరలకు ఖౌఫ్ పట్టుకుంది. మాత్లా లోతుగా ఉంది, సముద్రానికి దగ్గర. అక్కడ కొత్త రేవు కడదామన్నారు. 1863 నాటికి రైలు వచ్చేసింది. జెట్టీలు, గోదాములు, హోటలు, వీధులు. భూమి కొని రేవు కట్టడానికి పెట్టిన కంపెనీ షేర్ల కోసం బంబాయి, కలకత్తా సేట్లు ఎగబడ్డారు. ఓడలు మాత్రం కొన్నే వచ్చాయి.

ఇది కట్టొద్దని ముందే చెప్పిన మనిషి ఒకడున్నాడు. హెన్రీ పిడింగ్టన్. ఓడ కప్తాన్‌గా పనిచేసి, తర్వాత కలకత్తా మెరైన్ కోర్టు అధ్యక్షుడయ్యాడు. గాలివానల మీద దీవానా. ఓడల లాగ్‌బుక్కులన్నీ పోగుచేసి గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో లెక్కలు కట్టేవాడు. 'సైక్లోన్' అనే మాట పుట్టించింది ఆయనే, పాము చుట్టకు గ్రీకులో ఉన్న పేరు నుంచి, 1848లో అచ్చయిన కితాబులో. మనం వాడే తుఫాను సంగతి వేరు. అది నూహ్ అలైహిస్సలాం ఖిస్సాలో ఖురాన్ వాడిన అరబీ మాట. తెలుగువాళ్లు ఏ మతం వారైనా రోజూ రేడియోలో వింటారు, అరబీ అని అనుకోరు.

పిడింగ్టన్ ఈ ఇల్మ్ నేర్చుకున్న చోట్లలో మన కోరంగి ఒకటి. గోదావరి మొగలో, కాకినాడకు దక్షిణాన ఉన్న ఆ రేవును 1789 డిసెంబరులో ఒకదాని వెంట ఒకటి మూడు అలలు ముంచాయి. మళ్లీ 1839 నవంబరులో ముంచింది. ఆ రెండో దాని మీద పిడింగ్టన్ ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. గాలికంటే గాలి మోసుకొచ్చే నీరే ఎక్కువ చంపుతుందని ఆయన గ్రహించాడు. ఆ నీటికి ఇంగ్లీషులో రెండు మాటలు కలిపి పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. మనకు ఒక్క మాట చాలు: ఉప్పెన.

1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి పిడింగ్టన్ బహిరంగ లేఖ అచ్చు వేయించాడు. మాత్లా మొగలో రేవు కడితే ఏదో ఒక రోజు తుఫాను వస్తుంది, అలతో పాటు ఉప్పునీరు ఊరిలోకి నడిచి వస్తుంది, అన్నది దాని మత్లబ్. ఎవరూ వినలేదు. 1858లో ఆయన ఇంతఖాల్ చేశాడు. 1867 నవంబరు ఒకటిన ఆయన రాసినదే జరిగింది. అల పెద్దదేం కాదు, ఆరడుగులే అంటారు. జెట్టీలూ గోదాములూ పనికిరాకుండా పోవడానికి అది సరిపోయింది. 1872లో రేవును మూసేశారు. అంతకు సరిగ్గా మూడేళ్ల ముందు అదే తారీఖున, 1864 నవంబరు ఒకటి రాత్రి, మన బందరును ఉప్పెన మింగింది. ముప్పై వేల మంది పోయారు. బందరులో అంత జరిగాక కూడా మాత్లా ఒడ్డున గోదాములు లేస్తూనే ఉన్నాయి. నా గుస్సా అంతా అక్కడే.

రేవు పోయింది, జనం మిగిలారు. భారత్ వైపు సుందర్బన్‌లో 102 దీవులుంటే 54లో మనుషులున్నారు. ఈ నేల ఇంకా పూర్తికాని నేల. నది రోజుకు రెండుసార్లు పోటుతో ఒండ్రు తెచ్చి కొంచెం కొంచెం ఎత్తు పెంచుకుంటుంది. ఆ పని ముగియకముందే అడవి నరికి, చుట్టూ మట్టి కరకట్టలు పోసి, పొలాలు చేయించారు. ఒండ్రు బయటే ఆగిపోయింది. అందుకే చాలా ఊళ్లు పోటు నీటిమట్టం కంటే పల్లంలో ఉంటాయి. కట్ట వెనక నిలబడితే పడవ మన తలకంటే పైన పోతున్నట్టు కనిపిస్తుంది. మొత్తం మూడున్నర వేల కిలోమీటర్ల కట్టలు. 2009 మే 25న ఐలా తుఫాను వాటిని వందలచోట్ల తెంపింది. పొలాల్లో ఉప్పు మిగిలింది. మగపిల్లలు కేరళకు, తమిళనాడుకు రిజ్క్ వెతుక్కుంటూ పోయారు.

క్యానింగ్ లైన్లోనే ఘుటియారీ షరీఫ్ అని ఒక స్టేషన్ ఉంది. గాజీ ముబారక్ సాహెబ్ దర్గా అక్కడిదే. కట్టెలు కొట్టేవాళ్లు ఒకప్పుడు అడవిలోకి ఫకీరును వెంటబెట్టుకుని పోయేవారట, పులి రాకుండా. ఆ అడవి వాళ్లకు ఒక కితాబు కూడా ఉంది: బోన్‌బీబీ జొహురానామా. బోన్ అంటే వనం. మక్కాకు చెందిన ఇబ్రహీం అనే ఫకీరుకు అడవిలో పుట్టిన కవల పిల్లలు బోన్‌బీబీ, షా జంగలీ. మదీనా వెళ్లి, బీబీ ఫాతిమా మజార్ దగ్గర దువా తీసుకుని, అక్కడి మట్టి తెచ్చి 'పద్దెనిమిది భాటాల దేశం'లో అడుగుపెడతారు. వాళ్ల అజాన్ విని పులి రూపంలో తిరిగే దక్ఖిన్‌రాయ్ ఉలిక్కిపడతాడు. జంగ్ అవుతుంది, గెలుస్తారు. కానీ అతన్ని చంపరు. అడవిలో ఒక భాగం అతనికే వదిలేస్తారు. లోపలికి వచ్చే మనిషి లోభం లేకుండా, ఖాళీ చేతులతో రావాలని షరతు.

పందొమ్మిదో శతాబ్దం చివర ముస్లిం మున్షీలు రాసిన కావ్యమిది. లిపి బెంగాలీ, పేజీలు మాత్రం కుడి నుంచి ఎడమకు తిప్పాలి. భాష బెంగాలీ, మాటల్లో సగం అరబీ ఫార్సీ. ఉర్దూ మీడియంలో అలిఫ్ బే దిద్ది, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ కితాబు పట్టుకోగానే మా ఇంటి భాష గుర్తొచ్చింది. దీన్ని ఖిచిడీ అని వెక్కిరించేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ఇప్పుడు బోన్‌బీబీకి మూర్తి పెడతారు. హిందువులు ఎక్కువగా మొక్కుతారు, ముస్లింలు చాలామంది తప్పుకుంటున్నారు. షిర్క్ అని మౌల్వీ సాహెబులు అంటున్నారు. నాకూ ఆ మూర్తి ముందు చేతులు జోడించడం రాదు. కానీ మన పీర్ల పండుగ మీద ఇదే బహస్ నడిచినప్పుడు మూర్తితో పాటు ఖిస్సాను కూడా పారేశాం. పులికీ ఒక హక్ ఉందని, నీటికీ ఒక హద్దు ఉందని చెప్పిన ఖిస్సాను పారేయడానికి ఏ ఫత్వా కావాలి?

గోసాబా వెళ్లే పడవలో ఒక చాచా పక్కన కూర్చున్నాడు. ఏ ఊరని అడిగాడు. ఆంధ్ర అన్నాను. మీకూ సముద్రం ఉందా అన్నాడు. ఉంది, 1977లో దివిసీమలో ఒక్క రాత్రిలో పది వేల మందికి పైగా పోయారు అని చెప్పాను. ఆయన ఇన్నాలిల్లాహి చదివి, కాసేపు కట్ట వైపు చూసి, "అక్కడ ఇప్పుడు బాంధ్ ఎంత ఎత్తు చేశారు?" అని అడిగాడు.