జట్కా గుర్రం గిట్ట

1894లో బౌరింగుపేట నుంచి మన మారికుప్పానికి రైలు వచ్చింది. అంతకుముందు గనులకు మనుషులూ సామానూ ఎద్దులబండ్ల మీదే రావాలి. రైలొచ్చాక కూడా స్టేషను దిగితే ఊళ్ళోకి జట్కానే.

మా ముత్తాత జట్కా తోలేవాడు. గిట్ట చీలిందంటే గుర్రం నిలిచిపోయేది, ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. లాడాలు కొట్టే సాయిబు ముందు గిట్ట మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడట. తర్వాత సుత్తితో మెల్లగా తట్టి, పట్టకారుతో నొక్కేవాడు. గుర్రం ఎక్కడ కాలు లాక్కుంటే అక్కడే నొప్పి. గిట్ట కడిగి, పెరిగిన అంచు చెక్కి, కొత్త లాడం కొట్టేవాడు.

గిట్ట మన గోరులాంటిదే. నెలకు సుమారు 1 సెంటీమీటరే పెరుగుతుంది. చీలిక పైనుంచి ఉంటే అది కిందికి దిగి పోవడానికి దాదాపు ఏడాది. "ఏడాది కూర్చోబెట్టి మేపేదెవరు?" అని మా అవ్వ ఇప్పటికీ అంటుంది. అందుకే ముత్తాత చుట్టు ఎక్కువైనా రాళ్ళదారి వదిలి మట్టిబాటే పట్టేవాడట.