బేస్‌బాల్ కార్డులు (ముద్రణ, ప్యాకింగ్)

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయిన అట్టముక్కలు. తొలుత సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి. 1909-11 నాటి టీ206 కార్డులు ఆ కోవలోవే. తర్వాతి కాలంలో ఇవి బబుల్‌గమ్‌కు తోడయ్యాయి. బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ 1952లో 407 కార్డుల సెట్ వేసింది.

కార్డులను విడివిడిగా అచ్చువేయరు. 1960ల నాటికి ఒక్కో షీటుపై 132 కార్డులు, వరుసకు 11 చొప్పున 12 వరుసలు ఉండేవి. అచ్చుకు వాడే నాలుగు రంగులూ ఒకదానిపై ఒకటి సరిగ్గా పడకపోతే ఆటగాడి ముఖం మసకబారేది. షీటును కోసే కత్తి పక్కకు జరిగితే ఒకవైపు అంచు దాదాపు మాయమయ్యేది. పాత కార్డుల ఈనాటి ధరలను తేల్చే వాటిలో ఆ అంచులూ ఒకటి. ఒక సిరీస్‌ (విడత)లోని కార్డుల సంఖ్య షీటుకు సరిపోకపోతే కొన్నిటిని రెండుసార్లు వేసేవారు. 1952 సెట్‌లో 311వ నంబరు, ఆటగాడు మికీ మాంటిల్ కార్డు అలాంటిదే. లక్షలు పలికే ఈ కార్డు తన సిరీస్‌లో అరుదైనది కాకపోవడం విచిత్రం!

కోసిన కార్డులను ఒకే ఆటగాడు వెంటవెంటనే రాకుండా కలిపి, గమ్ బిళ్లతో మైనపు కాగితంలో చుట్టి, వేడితో అతికించేవారు. కరిగిన మైనం, గమ్ మరకలు కార్డులకు అంటుకునేవి. 1973 వరకు టాప్స్ కార్డులు సీజన్ పొడవునా విడతలుగా వచ్చేవి. ఆఖరి విడత వచ్చేసరికి పిల్లల దృష్టి ఫుట్‌బాల్‌పైకి మళ్లేది. అలా 1952 సెట్‌లో అమ్ముడుపోని సరుకును కంపెనీ చివరకు అట్లాంటిక్ మహాసముద్రంలో పారబోయించింది.