నానీమా నీలి గోళ్ళు

మా నానీమా గోళ్ళు నీలంగా ఉండేవని నాకు చెప్పింది ఖాలాజాన్. అమ్మీ ఎన్నడూ చెప్పలేదు. నానీమా ఖాన్‌దాన్ ఖమ్మం వైపు రంగ్రేజ్‌లది. ఇంటి వెనక మట్టి బానలు మెడదాకా నేలలో పాతి, నీలిమందు కలిపి, బట్టలు ముంచేవాళ్ళు. నానీమా నాటికి డబ్బా నీలం వచ్చేసింది గానీ బానలు మాత్రం పాతవే. అమ్మీని చూసుకోవడానికి మా దదిహాల్ వాళ్ళు వస్తున్నారని తెలిసి ఆ బానల మీద తడికలు కప్పేశారట. నానీమా చేతులు పల్లూలో దాచుకుని సలాం చేసిందట. ‘రంగ్రేజ్ ఘర్ కీ బచ్చీ’ అనే మాట వినబడితే రిష్తా తప్పిపోతుందని భయం. రిష్తా కుదిరింది. బానలు పోయాయి. ఇదంతా వినేసరికి నాకు నలభై దాటాయి.

అందుకే నగోయాలో ఉద్యోగం చేస్తున్న మా భాంజా టికెట్ పంపి, ఏమేం చూస్తారని అడిగితే అరిమత్సు అన్నాను. వాడు ఫోన్‌లోనే నవ్వాడు. "కపడే రంగ్‌నా సీఖ్‌నేకు ఇత్తీ దూర్ ఆరైఁ క్యా మామూ?"

నగోయా నుంచి లోకల్ రైల్లో అరగంట కూడా పట్టదు అరిమత్సు. ఇది పంట పండే ఊరు కాదు, రోడ్డు కోసం పుట్టిన ఊరు. ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్ళే తొకైదో షాహీ రాస్తా మీద, మనుషులు లేని అడవి దారిలో జనాన్ని నిలబెట్టాలని ఒవారి హుకూమత్ 1608లో కొన్ని కుటుంబాలను ఇక్కడికి రప్పించింది. సాగుకు భూమి చాలదు. ఏం తిని బతకాలి? తకెదా షోకురో అనే మనిషి ముడులు కట్టి నీలంలో ముంచిన చేతిగుడ్డలు అమ్మడం మొదలుపెట్టాడు. నగోయా కోట కట్టడానికి దక్షిణాన బుంగో ప్రాంతం నుంచి వచ్చిన కూలీల దగ్గర అలాంటి గుడ్డలు చూసి నేర్చుకున్నాడని అక్కడి రివాయత్. బాటసారులు వాటిని తోఫాగా ఇంటికి పట్టుకెళ్ళేవారు. హిరోషిగె తన తొకైదో చిత్రాల్లో నరుమి మజిలీకి బొమ్మ వేసినప్పుడు గుడిని గీయలేదు, కోటను గీయలేదు, ఈ బట్టల దుకాణాలను గీశాడు. 1784లో ఊరు ఊరంతా కాలిపోతే మళ్ళీ పెంకుల కప్పులతో, మందపాటి గోడలతో కట్టుకున్నారు. ఆ ఇళ్ళు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఈ హునర్ పేరు షిబోరి. పిండడం, నొక్కడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. బట్టను కట్టి, కుట్టి, మడిచి, చెక్కల మధ్య బిగించి రంగులో ముంచితే, బిగించిన చోటికి రంగు ఎక్కదు. మన బాంధ్నీ చున్రీ సూత్రమే. మా ఉస్తానీ డెబ్బై దాటిన మనిషి. ఆమె ముందు ఒక చెక్క కొయ్య, దాని చివర చిన్న కొక్కెం. గుడ్డను కొక్కేనికి తగిలించి, మడతలు చేత్తో కూడదీసి, దారం చుట్టుకుంటూ పోతే సాలెగూడు లాంటి నక్షా వస్తుంది. దాన్ని కుమో అంటారు, అంటే సాలీడు. ఆమె ఒక ముడి వేయడానికి మూడు నాలుగు క్షణాలు. నాకు మొదటి గంటలో వచ్చినవి ఆరు. అందులో నాలుగు విప్పించింది.

"మిగతా రకాలు కూడా చూపిస్తారా?" అని భాంజాతో అడిగించాను. రావు అంది. అరిమత్సులో ఒక చేతికి ఒకే ముడి. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అదే వస్తుంది. ఒకే గుడ్డ మీద మూడు రకాల ముడులు కావాలంటే ఆ గుడ్డ మూడు ఇళ్ళు తిరుగుతుంది. మరొకరి ముడి మీద చేయి వేయకపోవడం వాళ్ళ తహ్‌జీబ్. కొత్తవి రాలేదని కాదు. బట్టను పొడుగాటి కర్రకు చుట్టి, దారం బిగించి, ఒక చివరికి నెట్టి ముంచే అరషి అనే పద్ధతిని సుజుకి కనెజో అనే అతను 1880లో కనిపెట్టాడు. అరషి అంటే తుఫాను. విప్పి చూస్తే ఏటవాలుగా వాన కొట్టినట్టే ఉంటుంది.

అరిమత్సులో ఇప్పుడు ఎక్కువగా రసాయన రంగులే. ఆకు నీలం చూడాలంటే తొకుషిమా పోవాలి. బస్సెక్కాం. పాత పేరు అవా. 1585 నుంచి హచిసుకా వంశం పాలించింది. యోషినో నది ఏటా తుఫానుల కాలంలో పొంగేది. వరి మునిగిపోయేది. నీలి పంటనైతే ఆ వరదలకు ముందే కోసుకోవచ్చు. వరద తెచ్చిన ఒండ్రు మళ్ళీ నేలకు బలం. అట్లా ఒక నది ఇచ్చిన కష్టం నుంచే ఒక రియాసత్ ఖజానా నిండింది. పట్టు, ఆర్భాటపు రంగులు సామాన్యులు వేసుకోకూడదని ఎదో కాలపు ఫర్మానాలు ఉండేవి. నీలి నూలు బట్టకు అడ్డు లేదు. జపాన్ అంతా నీలం కట్టింది.

వాళ్ళ నీలి మొక్క మనది కాదు, వేరే జాతి. పనితనం కూడా వేరు. మనవాళ్ళు ఆకును నీళ్ళలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున పేరుకున్న మడ్డిని ఆరబెట్టి ముద్దలు కోసేవారు. వాళ్ళు ఎండిన ఆకును కొట్టంలో కుప్ప పోసి, నీళ్ళు చల్లి, కొన్ని రోజులకోసారి తిరగేస్తూ వంద రోజులదాకా పులియబెడతారు. దాన్ని సుకుమో అంటారు. కుప్ప లోపల వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. ఘాటు కళ్ళలోకి కొడుతుంది. ఎప్పుడు ఎంత నీళ్ళు చల్లాలో చెప్పడానికే ఒక ఉస్తాద్ ఉండేవాడు, ఆయన పేరే ‘నీళ్ళ మేస్త్రీ’.

అక్కడ నేలలో పాతిన నాలుగు బానలు, చలికాలంలో వాటిని వెచ్చబెట్టడానికి నడుమ ఒక నిప్పు గుంట. చూడగానే ఖాలాజాన్ చెప్పిన పెరడు కళ్ళముందు నిలబడింది. బానలో సుకుమోతో పాటు కట్టెల బూడిద నీళ్ళు, గోధుమ తవుడు, సున్నం, సాకె పోస్తారు. సాకె అంటే శరాబు కదా. నేను మొహమాటపడుతూనే అడిగాను. అది తాగేవాళ్ళకు కాదు, బానలోని సూక్ష్మజీవులకు తిండి, తవుడుతో కూడా నడుస్తుంది అన్నాడు ఆయన. మన దక్షిణాదిలో ఈ పనికి తగిరిస గింజలు ఉడకబెట్టి పోసేవారని పాత రాతల్లో చదివాను. ఎక్కడైనా హిక్మత్ ఒకటే. నీలిమందు ఉత్త నీళ్ళలో కరగదు. బాన పులిసి, దానిలోని ఆక్సిజన్ హరించుకుపోతేనే కరుగుతుంది. అప్పుడు అది నీలం కాదు, పసుపు పచ్చ. పైన తేలే నీలి నురగను వాళ్ళు ‘నీలి పువ్వు’ అంటారు. పువ్వు పూసిందంటే బాన బతికి ఉన్నట్టు.

నా గుడ్డ ముంచి తీశాను. గడ్డి రంగు. గాలి తగిలిన కొద్దీ ఆకుపచ్చ, ఆపైన నీలం. ఒక్క మునకకు వచ్చే లేత రంగును కమెనోజొకి అంటారు, బానలోకి తొంగిచూసిందని. మళ్ళీ మళ్ళీ ముంచితే కోన్, దాదాపు నలుపు. దారాలు విప్పితే నా ముడుల్లో సగం జారిపోయి రంగు లోపలికి పోయింది. మిగతా సగం తెల్లగా నిలిచాయి. వేళ్ళు కడిగాను. గోళ్ళు కడుక్కోలేకపోయాను.

ఇవన్నీ చెప్పి, జపాన్‌లో నీలి కారీగర్లకు ఎప్పుడూ ఇజ్జతే దొరికిందని రాస్తే అబద్ధమవుతుంది. క్యోటో చుట్టుపక్కల నీలి అద్దకందార్లను అవొయా అనేవారు. వాళ్ళను అంటరాని కులాలతో కలిపి, జైళ్ళ దగ్గర, మరణశిక్షల దగ్గర చాకిరీ చేయించారు. తడికలు మన ఇళ్ళల్లోనే లేవు.

పైగా వాళ్ళ హునర్ చావుదాకా వెళ్ళడంలో మన నేల పేరు కూడా ఉంది. 19వ శతాబ్దంలో జపాన్ రేవులు తెరుచుకున్నాక హిందుస్తానీ నీలిమందు చవగ్గా దిగింది. ఆ చవక ఎవరి చెమటో మనకు తెలుసు. 1859లో బెంగాల్ రైతులు ఇక నీలి వేయమని తిరగబడ్డారు. 1917 చంపారన్‌కు ముందు ఆ జుల్మ్ గురించి పత్రికల్లో రాసినవాళ్ళలో పీర్ ముహమ్మద్ మూనిస్ ఒకడు, రాసింది హిందీలో. 1897లో జర్మనీ కంపెనీ బాస్ఫ్ కారఖానా నీలాన్ని బజారులోకి తెచ్చాక చంపారన్, అవా రెండూ కుదేలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తిండి పంటలే వేయాలని నీలి సాగు ఆపించారు. దీని విత్తనం ఏళ్ళ తరబడి దాస్తే మొలవదు, ఏటా వేయాలి. తొకుషిమాలో ఒక కుటుంబం దొంగచాటుగా కొద్దికొద్దిగా పండిస్తూ విత్తనాన్ని కాపాడింది. 1955లో మియగి ప్రాంతపు చిబా అయానో అనే వృద్ధురాలికి సర్కారు ‘సజీవ జాతీయ నిధి’ హోదా ఇచ్చింది. నార తీయడం, నేయడం, ఆకు పులియబెట్టి అద్దడం, అన్నీ తన చేతులతోనే చేసిన మనిషి. అప్పటికి ఆమెకు అరవై దాటాయి.

మనకూ వాళ్ళకూ పాత చుట్టరికమే. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ గోల్కొండ సల్తనత్‌లోని నాగులవంచలో కొఠీ పెట్టి నీలిమందు, బట్ట కొనేది. ఆ నాగులవంచ మన ఖమ్మం జిల్లాలోనే ఉంది. నాగసాకి రేవులో వ్యాపారం చేసుకునే ఇజాజత్ యూరప్ వాళ్ళలో ఆ కంపెనీకే ఉండేది. కోరమాండల్ అద్దకాలు జపాన్‌కు చేరి ‘సరస’ అయ్యాయి. చారల నూలు బట్టను ఇప్పటికీ ‘సంతొమె’ అంటారు, మద్రాసు పక్కన సాన్‌థోం రేవు పేరు మీద. ఆ మూటల్లో మా నానీమా పూర్వీకుల చేతి నీలం ఉందో లేదో చెప్పే కాగితం నా దగ్గర లేదు. రంగ్రేజ్‌ల పేర్లు కంపెనీ లెక్కల్లో రాసేవాళ్ళెవరు?

ఇంటికొచ్చాక గుడ్డను అమ్మీ చేతిలో పెట్టాను. ఆమె గుడ్డ చూడలేదు. నా చేయి పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గోళ్ళు ఒక్కొక్కటే చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"బానలో ఏం పోశారు?" అంది.

బూడిద నీళ్ళు, తవుడు, సున్నం అని చెప్పాను. సాకె మాట దాచాను.

"తగిరిస గింజలు వేయలేదా?" అంది అమ్మీ. "మేం ముందురోజు రాత్రి ఉడకబెట్టేవాళ్ళం. గింజలు చేత్తో నలిపి చూడ్డం నా పని."